ఇంటిల్లిపాదికీ పరీక్షలు... మరి ఇల్లాలికో?

ప్రభుత్వ వైద్య భాషలో ‘కాంటాక్ట్’ అని ఒక మాట ఉంది. క్షయ రోగితో ఒకే ఇంట్లో ఉంటూ అదే గాలి పీల్చే మనిషి అని దానికి అర్థం. ఆడా మగా తేడా లేని మాట. పైకి ఎంతో నిష్పాక్షికంగా కనిపించే మాట. కానీ ఒక్కసారి దాన్ని మన ఇళ్ళల్లోకి తెచ్చి చూడండి. దగ్గే మనిషికి వేడినీళ్ళు కాచి ఇచ్చేదెవరు? గళ్ళ ఊసిన గిన్నె కడిగేదెవరు? రాత్రి చెమటకి తడిసిన దుప్పటి ఉతికేదెవరు? ఆ పక్కనే పడుకునేదెవరు? ఆ పక్కలోనే చంటిపిల్లని పడుకోబెట్టుకునేదెవరు? రోగికి అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువసేపు మసిలేది ఆ ఇంటి ఆడమనిషి. మరి కాంటాక్టుల జాబితాలో ఆమె ఎక్కడుంది? జాబితా చెప్పే మనిషిగా ఉంది. పిల్లల్ని ఆస్పత్రికి మోసుకొచ్చే మనిషిగా ఉంది. మాత్రలు మింగించే మనిషిగా ఉంది. తనకీ ఊపిరితిత్తులున్న మనిషిగా మాత్రం చాలాసార్లు లేదు.

ముందే ఒకటి స్పష్టం చేస్తాను. రోగి ఇంటివాళ్ళకి పరీక్షలు చెయ్యడం తప్పని నేననడం లేదు. ఇన్నాళ్ళూ సరిగా చెయ్యకపోవడమే నేరమంటున్నాను. క్షయకి కారణం ఫలానా సూక్ష్మజీవి అని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. అది గాలి ద్వారా సోకుతుందనీ, పెద్దవాళ్ళ దగ్గులోంచి పసిపిల్లల ఊపిరిలోకి పోతుందనీ తెలియక కాదు. ప్రపంచంలో క్షయ బారిన పడే ప్రతి నలుగురిలో సుమారు ఒకరు మన దేశస్థులే. ఐదేళ్ళ లోపు పిల్లలకి ఆ క్రిమి సోకితే జబ్బుగా ముదిరే ప్రమాదం పెద్దవాళ్ళలో కన్నా చాలా ఎక్కువ. రెండేళ్ళ లోపు వాళ్ళకైతే మరీనూ. పుట్టగానే వేసే బీసీజీ టీకా మెదడు పొరలకి వచ్చే క్షయ లాంటి భయంకరమైన రూపాల నుంచి పిల్లల్ని చాలావరకు కాపాడుతుంది. ఊపిరితిత్తుల క్షయని ఆపుతుందన్న భరోసా లేదు.

పైగా పసిపిల్లలు గళ్ళ తీసి ఇవ్వలేరు. గళ్ళలో క్రిమి కనిపిస్తేనే రోగమని కూర్చుంటే వాళ్ళ రోగం ఎప్పటికీ లెక్కకి రాదు. అందుకే వాళ్ళు ఆస్పత్రికి వచ్చేదాకా ఆగకుండా రోగి ఇంటికే వెళ్ళి వెతకాలి. బరువు పెరగడం ఆగిపోయిందా, ఆటలు మానేసి మూల కూర్చుంటోందా, జ్వరమో దగ్గో తగ్గకుండా ఉందా అని అడగాలి. జబ్బుంటే వైద్యం, లేకపోతే రాకుండా మందు. ఇది వైద్యశాస్త్రం తేల్చి చెప్పిన సంగతి. కాదనే దమ్ము ఎవరికీ లేదు. అయితే ఆ ప్రశ్నలకి జవాబు చెప్పేదెవరు? తల్లే. అంటే ఈ కార్యక్రమం మొత్తం తల్లి కంటిచూపు మీద, తల్లి జ్ఞాపకం మీద, తల్లి ఓపిక మీద నడుస్తుంది. వాటికి జీతం లేదు, గుర్తింపు లేదు. పొరపాటు జరిగితే మాత్రం నింద ఆమెకే.

ఈ బరువు ఆమె మీదికి ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. ఒకప్పుడు క్షయ వైద్యమంటే శానిటోరియం. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచీ శానిటోరియం ఉంది. కానీ దేశంలో మంచాలు కొన్ని వేలు, రోగులు లక్షలు. 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలైంది. పేదపేటల్లోని 193 మంది రోగుల్ని తీసుకుని సుమారు సగం మందికి శానిటోరియంలోనూ, మిగిలినవాళ్ళకి ఇంట్లోనే ఉంచీ ఏడాది పాటు మందులిచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంత బాగానూ నయమైంది. రెండు రకాల రోగుల కుటుంబాల్నీ ఐదేళ్ళపాటు గమనిస్తే, రోగి ఇంట్లోనే ఉండి మందు తీసుకున్నందువల్ల ఇంటివాళ్ళకి అదనంగా ముప్పేమీ రాలేదని తేలింది. అంటుకోవాల్సింది మందు మొదలుపెట్టకముందే అంటుకుపోయింది!

ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని ఇంటికి తెచ్చిన అధ్యయనమిది. పేదవాళ్ళు ఇల్లు వదిలి ఏడాదిపాటు ఎక్కడో పడి ఉండాల్సిన అవసరం తప్పింది. చాలా మంచిది. కానీ ఒక ప్రశ్న పక్కన పడిపోయింది. శానిటోరియంలో నర్సు, ఆయా, వంటమనిషి, బట్టలుతికే మనిషి చేసే పనులు ఇంట్లో ఎవరు చేస్తారు? ప్రభుత్వానికి మంచం ఖర్చు మిగిలింది సరే, ఆ ఖర్చు ఏమైపోయింది? ఎక్కడికీ పోలేదు. ఒక ఆడమనిషి నడుం మీదికి బదిలీ అయింది. శానిటోరియం వంటమనిషికి జీతం ఉండేది, వారానికో సెలవు రోజూ ఉండి ఉంటుంది. ఈమెకి రెండూ లేవు.

ఆ అధ్యయనంలోనే ఇంకో పాఠం ఉంది, దాన్నీ మనం సరిగా చదువుకోలేదు. రోగికి మందు మొదలయ్యే నాటికే ఇంటివాళ్ళకి సోకి ఉంటుంది గనక రోగి బయటపడిన రోజే ఇంటివాళ్ళందర్నీ చూడాలి. అందర్నీ. కానీ మన దేశంలో చాలా ఏళ్ళపాటు నివారణ మందు కాగితం మీద ఇద్దరికే ఉంది, రోగి ఇంట్లోని ఐదారేళ్ళ లోపు పిల్లలకీ, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకీ. పిల్లని ఒళ్ళో పెట్టుకు కూర్చున్న తల్లికి లేదు. ఇంటివాళ్ళందరికీ వయసుతో నిమిత్తం లేకుండా ఇవ్వాలని మార్గదర్శకాలు వచ్చింది 2021లో. అప్పటిదాకా తల్లి, పిల్లకి మందు చేరవేసే చెయ్యి మాత్రమే.

కాగితం మారింది కదా, ఇంకేం కావాలి అంటారేమో. మా కాలేజీలో గదులు ఊడ్చే ఒకామె సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట ఆమె భర్తకి టీబీ అని తేలింది. ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు, పన్నెండేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ బాబు. పిల్లల్ని తీసుకురమ్మన్నారు. మొదటి రోజు ఎక్స్‌రే తీసే మనిషి లేడు. రెండో రోజు పిల్లల డాక్టరు సెలవు. మూడో రోజు చూశారు, బాబుకి మాత్రలిచ్చారు. మూడు రోజుల కూలి పోయింది. అక్కడున్న ఒక ఉద్యోగి ఆమెతో చాలా మర్యాదగానే మాట్లాడాడు. మాత్ర ఏ పూట వెయ్యాలో, మానేస్తే ఏమవుతుందో ఓపిగ్గా చెప్పాడు. ‘మీకెలా ఉందమ్మా?’ అని మాత్రం అడగలేదు. ఆమే అడిగింది, నేనూ చూపించుకోవాలా అని. ‘నువ్వు బాగానే ఉన్నావుగా, దగ్గు లేదుగా’ అన్నాడట.

దగ్గు లేదు, నిజమే. ఎనిమిది నెలల తర్వాత ఆమె మెడ మీద గడ్డలు లేచాయి. అదీ టీబీయే. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందని ఎవరన్నారు? ఈసారి ఆమెతో నేనూ వెళ్ళాను. కాయితాలు నింపుతూ ఒకమ్మాయి ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అనడిగింది. ‘మా ఆయనకి ఉండె. అప్పుడు నన్ను చూళ్ళేదు’ అంది ఆమె. కోపం లేకుండా, ఎవరి గురించో చెప్తున్నట్టుగా అంది. ఆమెకి జబ్బు చేశాక ఇంటిపని ఎవరి మీద పడింది? భర్త మీదా? కాదు. పన్నెండేళ్ళ కూతురి మీద. ఆ పిల్ల వారంలో మూడు రోజులే బడికొస్తోందని టీచరు చెప్పింది. తల్లికి వేడినీళ్ళు కాచిచ్చే కొత్త కాంటాక్ట్ అలా తయారైంది.

ఇక ‘ఇల్లు’ అనే మాట. ఈ లెక్కల్లో ఇల్లంటే, వైద్యం మొదలయ్యే ముందు మూడు నెలల్లో రోగితో ఒకే కప్పు కింద గడిపిన వాళ్ళు. మగవాడి ఇల్లు ఒక్కటే గనక అతని కాంటాక్టులు ఒక్కచోటే దొరుకుతారు. ఆడపిల్లకి ఇళ్ళు రెండు. కాన్పుకి పుట్టింటికి పోతుంది, మూడో నెలకో ఐదో నెలకో చంటిబిడ్డతో అత్తింటికి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడూ, ముఖ్యంగా కాన్పయిన తర్వాతి నెలల్లోనూ క్షయ బయటపడే ప్రమాదం పెరుగుతుందని వైద్యులే చెబుతారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఆమె ఏ ఇంటి జాబితాలోనూ ఉండదు. రోగి కోడలే అయితే మరీ అన్యాయం. ‘మీ వాళ్ళింట్లో నయం చేయించుకుని రా’ అని సాగనంపుతారు. బిడ్డని అత్తగారి దగ్గర వదిలిపొమ్మంటారు, లేదా బిడ్డతో సహా పొమ్మంటారు. ఆమె పేరు పుట్టింటి ఊరిలో నమోదవుతుంది. అత్తింట్లో ఆమెతో ఒకే గదిలో పడుకున్న మరిది పిల్లల్ని ఎవరు వెతుకుతారు? అక్కడ అడిగితే ‘మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు’ అంటారు. నిజమే మరి, జబ్బుని పంపించేశారు కదా!

అంటూ ముట్టూ సంగతి కూడా మాట్లాడాలి. క్షయ కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, బట్టల వల్ల రాదు. సరైన మందు పడ్డాక కొద్ది వారాల్లోనే రోగి నుంచి ఇతరులకి సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. తల్లి పాలు మాన్పించాల్సిన పని లేదు. అయినా రోగం వచ్చింది ఆడదానికైతే వేరే కంచం, వేరే చాప, వసారాలో మకాం. మగవాడికైతే వేరే కంచం పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? అందుకే పరీక్షలకంటూ గుర్తుపట్టే బ్యాగులేసుకుని ఇంటిముందుకి మనిషి వస్తే పెళ్ళి కావాల్సిన ఆడపిల్లల తల్లులు తలుపేసుకుంటారు. వాళ్ళని మూఢులనకండి. బయటికి పొక్కితే ఎవరి సంబంధం తప్పిపోతుందో వాళ్ళకి బాగా తెలుసు. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోని కార్యక్రమానిదే మూఢత్వం.

దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా, రాత్రి చెమటలు పడుతున్నాయా... నాలుగు ప్రశ్నలు. బరువు తగ్గడం, నీరసం మన ఆడవాళ్ళకి రోగలక్షణాలా? నిత్యజీవితం! ఈ నాలుగు ప్రశ్నలకీ అందని టీబీ ఒకటుంది. గర్భాశయానికీ, గర్భనాళాలకీ వచ్చేది. మన దేశంలో పిల్లలు కలగకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. పెళ్ళికి ముందు నాన్న నుంచో, పెళ్ళయ్యాక మామగారి నుంచో ఊపిరితో లోపలికి వెళ్ళిన క్రిమి నెత్తుటి దారిన గర్భనాళాల దాకా పోయి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కూర్చుంటుంది. దగ్గుండదు. నెలసరి తప్పడమో, పొత్తికడుపులో నొప్పో, చాలాసార్లు అదీ లేదు. ఆ తర్వాత ఆమె ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. గుళ్ళ చుట్టూ ప్రదక్షిణలు, సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ ప్రదక్షిణలు, ‘గొడ్రాలు’ అనే బిరుదు, రెండో పెళ్ళి బెదిరింపు. అప్పుడే చూసి ఉంటే? ఒక సోకుడు పరీక్ష, ఒక ఎక్స్‌రే, కొన్ని వారాల మాత్రలు. ఎంతమంది బతుకులు వేరేగా ఉండేవి!

అలాగని మందుని మనం కళ్ళు మూసుకుని మింగక్కర్లేదు. జబ్బు లేని మనిషికి మందిస్తున్నప్పుడు ఎందుకో, దానితో ఏమవుతుందో చెప్పడం బాధ్యత. ఇప్పుడు ఇస్తున్న ఒక పద్ధతిలో వారానికోసారి చొప్పున 12 వారాలు రెండు రకాల మందులు కలిపి వేసుకోవాలి. అందులో ఒకటైన రిఫాపెంటిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. చెప్పకపోతే ఆమె హడలిపోతుంది. కాలేయం మీద ప్రభావం ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అది గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. గర్భిణులకి ఈ పద్ధతి ఇవ్వకూడదని కూడా మార్గదర్శకాలున్నాయి. పిల్లలు వద్దనుకుని మాత్రలు వేసుకుంటున్న ఆడమనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు? అందరి ముందూ, వాకిట్లో, మామగారు మంచం మీద కూర్చుని చూస్తుండగా ఆమె ఎలా అడుగుతుంది? ఆమెతో విడిగా, చాటుగా అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఇచ్చిన మందుని నేను వైద్యం అనలేను.

తిండి సంగతికొద్దాం. క్షయకీ ఆకలికీ ఉన్న చుట్టరికం పాతదే. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల ఇళ్ళల్లో 10,345 మంది కుటుంబసభ్యుల మీద జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం చేసింది. కొన్ని ఇళ్ళల్లో రోగికి మాత్రమే దినుసులిచ్చారు. కొన్ని ఇళ్ళల్లో ఇంటివాళ్ళకి కూడా, పెద్దవాళ్ళయితే తలా నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ ఇచ్చిన ఇళ్ళల్లో కొత్తగా క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గింది. బియ్యమూ పప్పూ! మరి మన ప్రభుత్వం చేస్తున్నదేమిటి? పోషణ కోసం 2018 నుంచి నెలకి 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1,000. అది రోగి పేరు మీదే. ఇంటివాళ్ళ తిండి బుట్టలకి దాతల్ని వెతుక్కోమంటున్నారు. హక్కుగా రావాల్సిన పప్పు దయగా వస్తుంది, దాతకి తీరిక దొరికినప్పుడు. ఇంట్లోకి ఒక్కరి కోసం వచ్చిన కోడిగుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో, చివరికి మిగిలిన చారునీళ్ళు ఎవరు తాగుతారో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను వివరించాలా?

ఇక ఈ వెతుకులాటంతా చేసేదెవరు? ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి, పేర్లు రాసి, మాత్రలు చేరవేసి, వేసుకున్నారో లేదో చూసి, తలుపులు మూసుకున్న ఇళ్ళ ముందు బతిమాలుకునేది ఆమే. ప్రభుత్వం దృష్టిలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. చప్పట్లు కొట్టారు. జీతం మాత్రం ఇవ్వలేదు, గౌరవ వేతనాలూ ప్రోత్సాహకాలూ అన్నారు. ఇంట్లో జీతం లేని తల్లి, వీధిలో జీతం లేని ఆశా. ఈ ఇద్దరాడవాళ్ళ మధ్య నడిచే పనికి ‘జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం’ అని పేరు. 2025 నాటికి క్షయని అంతం చేస్తామని 2018లో ప్రకటించారు. గడువు తీరింది, క్షయ తీరలేదు. 2024 మార్చిలో మందులకే కొరత వచ్చి, రాష్ట్రాలే స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మందు లేదని తెలిసిన తల్లి ముందు నిలబడి ‘రేపు రామ్మా’ అనాల్సి వచ్చిందెవరు?

రెండు అభ్యంతరాలు వింటుంటాను. ఒకటి డాక్టర్ల నుంచి: టీబీ మగవాళ్ళలోనే ఎక్కువ గదా, మీరెందుకు ఆడవాళ్ళంటారు అని. నిజమే, 2019–21 మధ్య జరిగిన జాతీయ సర్వే కూడా అదే చెప్పింది. మగవాళ్ళు ఎక్కువగా జబ్బుపడుతున్నారంటే వాళ్ళ పక్కన ఎక్కువగా కాంటాక్టులవుతున్నది ఎవరు? ఈ ప్రశ్నకి ఆ వాక్యంలోనే జవాబుంది. లక్షణాలున్నవాళ్ళలో 64 శాతం మంది అసలు వైద్యానికే వెళ్ళలేదని అదే సర్వే తేల్చింది. వాళ్ళు ఇంట్లోనే దగ్గుతూ ఉన్నారు. ఇంట్లో ఎవరుంటారు?

రెండో అభ్యంతరం మన మిత్రుల నుంచే: ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ళ ఒంటి మీద నిఘా పెట్టడం కాదా ఇది, కుటుంబ నియంత్రణ శిబిరాలు మర్చిపోయామా అని. మర్చిపోలేదు. కానీ రాజ్యం మన శరీరాల్లోకి తొంగిచూడ్డం ఎంత ప్రమాదమో, మన శరీరాల్ని చూడకుండా మొహం తిప్పుకోవడమూ అంతే ప్రమాదం. లక్ష్యాల కోసం ఆడవాళ్ళని వెతికినప్పుడు ఎదిరించాం. ఆరోగ్యం కోసం వెతకాల్సినప్పుడు వెతకకపోతే అప్పుడూ ఎదిరించాలి. తేడా ఆమె సమ్మతిలో ఉంది, ఆమె గోప్యతలో ఉంది, ఆమె ప్రశ్నకి దొరికే జవాబులో ఉంది.

మన సాహిత్యంలో క్షయకి తక్కువేం లేదు. దగ్గుతూ కవిత్వం చెప్పే నాయకులున్నారు. ప్రేమ విఫలమై రక్తం కక్కుకునే నాయకులున్నారు. వాళ్ళ దగ్గు ఎంత గొప్పగా వినిపించింది! ఆ రక్తం తుడిచిన పాత చీరపేగు ఎవరిదో, ఆమె ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికిందో ఎన్ని కథలు చెప్పాయి? విశ్వవిద్యాలయాల్లో ఇంటిచాకిరీ మీద పరిశోధన చేస్తున్నాం. వంట, పిల్లల పెంపకం, నీళ్ళు మొయ్యడం లెక్కేస్తున్నాం. రోగికి చేసే సేవని, ఆ సేవ చేసేవాళ్ళకి వచ్చే రోగాన్ని కూడా ఆ లెక్కలో వెయ్యాలి. ఇది డాక్టర్ల విషయం, మనకెందుకని వదిలేస్తే ‘కాంటాక్ట్’ అనే మాటకి అర్థం వాళ్ళే చెబుతూ ఉంటారు.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. రోగి బయటపడిన ఇంట్లో ప్రతి ఆడమనిషికీ ఆమె పేరుతో, ఆమె కోసం పరీక్ష జరగాలి, దగ్గున్నా లేకపోయినా ఎక్స్‌రే తియ్యాలి. ఆ ఎక్స్‌రే ఊళ్ళోకి రావాలి, లేదా ఆస్పత్రికి పోయిన రోజు కూలి ఇవ్వాలి. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ జాబితాలోకి రావాలి. నివారణ మందు ఎంతమంది మొదలుపెట్టారో, ఎంతమంది పూర్తిచేశారో ఆడా మగా విడివిడిగా లెక్క చెప్పాలి. ఆర్నెల్ల బియ్యమూ పప్పూ రేషన్ షాపులో హక్కుగా రావాలి. ఆశాలకి జీతం కావాలి.

ఏటా మార్చి 24న క్షయ దినమని ఊరూరా ర్యాలీలు తీస్తారు. బ్యానరు పట్టుకుని ఎండలో ముందు నడిచేది ఆశాలే. ఏడాది పొడుగునా రోగుల ఇళ్ళల్లోకి, ఆ ఇరుకు గదుల్లోకి వెళ్ళొచ్చేదీ వాళ్ళే. ఈసారి ర్యాలీ కనిపిస్తే ఆగి, వాళ్ళలో ఒకామెని అడగండి: ‘అమ్మా, ఈ ఏడాది నీకు ఎక్స్‌రే తీశారా?’